అత్రాఫె బల్దా: ఒక పొలిమేర జిల్లా భూచరిత్ర

హైదరాబాదు నగరాన్ని నలువైపులా చుట్టి ఉన్న గ్రామసీమను అసఫ్‌జాహీల కాలంలో ‘అత్రాఫె బల్దా’ అని పిలిచేవారు. ‘తరఫ్’ అంటే వైపు, ‘అత్రాఫ్’ దానికి బహువచనం. ‘బల్దా’ అంటే నగరం. ‘నగరం చుట్టుపట్ల’ అన్నదే ఈ జిల్లా పేరుకు అర్థం. ఏ నదిపేరో, కోటపేరో, దేవుని పేరో పెట్టుకోకుండా, తాను ఏ నగరానికి పొలిమేరగా ఉన్నదో ఆ సంబంధాన్నే పేరుగా చేసుకున్న జిల్లాలు మనదేశంలో అరుదు. ఆ జిల్లా 1949 తరువాత హైదరాబాదు జిల్లాలో కలిసిపోయింది. 1978 ఆగస్టు 15న ఆ గ్రామీణ భాగమే వేరుపడి రంగారెడ్డి జిల్లా అయింది. 2016 అక్టోబరులో అదికూడా రంగారెడ్డి, వికారాబాదు, మేడ్చల్ జిల్లాలుగా విడిపోయింది. పేర్లు మారినా ఒక ప్రశ్న మాత్రం మారలేదు. నగరపు అంచున ఉన్న నేల ఎవరిది? దానిని దున్నే రైతుదా, శిస్తు తీసుకునే ప్రభువుదా, దానిమీద పశువులను మేపుకునే ఊరిదా, లేక రేపు అక్కడికి విస్తరించబోయే నగరానిదా?

ఈ ప్రశ్న హైదరాబాదుతో పుట్టినది కాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు దీనిని పన్నెండు శతాబ్దాల క్రితమే విచారించారు. కనుక ముందుగా వారి విచారణను చూసి, ఆ తరువాత అత్రాఫె బల్దా చరిత్రలోనికి వెళ్లడం ఉచితంగా ఉంటుంది.

పిలుపు వినిపించే దూరం

ఫిఖ్‌హ్ గ్రంథాలలో ‘ఇహ్యా అల్ మవాత్’, అనగా మృతభూమికి ప్రాణం పోయడం అనే అధ్యాయం ఉంటుంది. ఎవరి స్వాధీనంలోనూ లేని బంజరును శ్రమించి సాగులోనికి తెచ్చినవానికి దానిపై హక్కు కలుగుతుందన్నది ఈ అధ్యాయానికి మూలసూత్రం. ఇందుకు పాలకుని అనుమతి కావాలని ఇమామ్ అబూ హనీఫా అన్నారు. అక్కరలేదని ఆయన శిష్యులైన ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ అభిప్రాయపడ్డారు. ఈ భేదం అందరికీ తెలిసినదే. అంతగా ప్రచారంలోనికి రాని మరొక విషయం మన ప్రస్తుతాంశానికి ఎంతో ముఖ్యమైనది. అసలు ఏ భూమిని ‘మృతభూమి’ అనాలి?

ఖాళీగా కనిపించే ప్రతి నేలా మృతభూమి కాదు. ఊరి చివరి ఇంటివద్ద నిలబడి ఒక మనిషి బిగ్గరగా పిలిస్తే ఆ పిలుపు ఎంతదూరం వినిపిస్తుందో అంతవరకూ ఉన్న నేల ఊరిదేనని, అది మృతభూమి కాదని ఇమామ్ అబూ యూసుఫ్ కొలమానం చెప్పారు. ఊరివాళ్లు పశువులను మేపుకోవడానికి, పంట నూర్చుకోవడానికి, కట్టెపుల్లలు తెచ్చుకోవడానికి ఆ నేల అవసరం. అందుచేత దానిని ఒక వ్యక్తి తన పేర చేసుకోవడం చెల్లదని ‘అల్ హిదాయా’ వంటి హనఫీ గ్రంథాలు స్పష్టంగా చెబుతున్నాయి. బావులకు కూడా ఇలాగే ‘హరీమ్’ అనే రక్షిత పరిధి ఉంది. పశువులకు నీళ్లుపెట్టే బావి చుట్టూ 40 మూరలు, ఊటకు 500 మూరలు అని లెక్క కట్టారు. ఆ పరిధిలో మరొకడు బావి తవ్వరాదు.

భూమిని పట్టుకుని ఊరకే ఉంచేవారి విషయంలోనూ నియమం ఉంది. హద్దురాళ్లు పాతి మూడేళ్లపాటు సాగుచేయకపోతే ఆ భూమిని తీసుకుని మరొకరికి ఇవ్వవచ్చునని హజ్రత్ ఉమర్ (రజి) కాలంనుంచి వచ్చిన తీర్పు. మదీనా నగరపు అంచునే ఉన్న అఖీఖ్ లోయను దైవప్రవక్త (సల్లం) బిలాల్ బిన్ హారిస్ (రజి) అనే సహాబీకి ప్రసాదించారు. ఆయన దానినంతటినీ సాగుచేయలేకపోయారు. సాగుచేయగలిగినంత ఉంచుకుని మిగిలినది వదలమని చెప్పి, ఆ మిగిలిన భాగాన్ని హజ్రత్ ఉమర్ ప్రజలకు పంచినట్లు చరిత్రకారులు రాశారు. ప్రవక్త స్వయంగా ఇచ్చిన దానాన్ని కూడా సాగు అనే షరతు దృష్టితో పరిశీలించడం ఇక్కడ గమనార్హం.

మేతభూముల సంగతీ ఇంతే. రబజా వద్ద ‘హిమా’గా, అనగా రక్షిత పచ్చికబయలుగా ప్రకటించిన నేలపై నియమించిన అధికారికి ఆయన ఇచ్చిన ఆదేశం సహీహ్ బుఖారీలో ఉంది. నాలుగు గొర్రెలో, రెండు ఒంటెలో ఉన్న పేదవానిని లోపలికి రానివ్వమనీ, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ వంటి సంపన్నుల మందలను మాత్రం దూరంగా ఉంచమనీ దాని సారాంశం. సంపన్నుని మంద చస్తే అతనికి తోటలూ పొలాలూ ఉన్నాయి. పేదవాని పశువు చస్తే అతడు బిడ్డలను వెంటబెట్టుకుని ఖజానా వద్దకే వస్తాడు. ఈ తర్కంలో పొలిమేర నేలను గురించిన ఆర్థికనీతి అంతా ఇమిడి ఉంది.

చెరువులు, తోటలు

ఇక అత్రాఫె బల్దా సంగతి. దక్కన్ పీఠభూమిలో ఈ భాగం నల్లరాతి గుట్టలతో నిండినది. తూర్పు, దక్షిణాలలో నీరు నిలవని ఎర్రచల్కలు. పడమట చేవెళ్ల, వికారాబాదు వైపు నల్లరేగళ్లు. జీవనది లేదు. మూసీ, ఈసా రెండూ వానాకాలపు ఏర్లే. ఇటువంటి నేలలో మహానగరం నిలబడాలంటే వాననీటిని కట్టకట్టి ఆపడమొక్కటే మార్గం.

గోల్కొండ సుల్తానులు ఈ సంగతిని బాగా గుర్తించారు. 1591లో ముహమ్మద్ ఖులీ హైదరాబాదుకు పునాది వేయకమునుపే, ఇబ్రహీం ఖుతుబ్‌షా కాలంలో హుసేన్ సాగర్ తయారైంది. ఆ నిర్మాణానికి ఆధ్వర్యం వహించిన సూఫీ హజ్రత్ హుసేన్ షా వలీ పేరే ఆ చెరువుకు నిలిచింది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కూడా ఆ సుల్తాను పేరుతోనే ముడిపడి ఉంది. తూర్పున హయాత్‌నగర్‌ను హయాత్ బక్షీ బేగం నెలకొల్పారు. నేడు మాసాబ్ ట్యాంక్ అనే పేటపేరుగా మాత్రమే మిగిలిన ‘మా సాహెబా’ చెరువు కూడా ఆమెదే. తరువాత 19వ శతాబ్ది తొలి దశకంలో దివాన్ మీర్ ఆలం పేర కట్టిన చెరువు కట్ట, వరుసగా నిలిచిన 21 అర్ధవృత్తపు కమానులతో నేటికీ ఇంజనీర్లను ఆశ్చర్యపరుస్తున్నది.

చెరువు ఒక్కటే చెరువు కాదు. దానికొక కట్ట, తూము, అలుగు, కింద ఆయకట్టు, పైన శిఖం ఉంటాయి. శిఖం అంటే వానాకాలంలో నీరు నిండి, ఎండాకాలంలో బయటపడే గర్భభూమి. నీరు తీసిన తరువాత అక్కడ పుచ్చకాయలో, దోసలో వేసుకునేవారు, పశువులను మేపుకునేవారు. నీళ్లు వదిలే నీరటికాడికి మడికింత అని వరి కొలిచేవారు. కట్ట మరమ్మతు చేయించేవానికి ‘దస్తబంద్’ ఇనాం ఉండేది. అలుగు పారిన నీరు కింది ఊరి చెరువుకు చేరేది. ఈ గొలుసుకట్టులో ఏ ఒక్క చెరువు శిఖాన్ని పూడ్చినా కింది ఊళ్ల లెక్క తప్పుతుంది. ఈ సంగతి మున్ముందు మళ్లీ అవసరమవుతుంది.

ప్రభువుల నేల

అసఫ్‌జాహీ రాజ్యంలో భూములు స్థూలంగా మూడు విధాలు. ప్రభుత్వ ఖజానాకు శిస్తు చెల్లించే దివానీ లేక ఖాల్సా భూమి దాదాపు 60 శాతం. జాగీర్లు, పాయిగాలు, మక్తాలు, సంస్థానాలు కలిసి దాదాపు 30 శాతం. నిజాం సొంత ఖర్చుకు కేటాయించిన సర్ఫెఖాస్ దాదాపు 10 శాతం. అత్రాఫె బల్దా ప్రధానంగా సర్ఫెఖాస్ జిల్లా. నగరపు గడపలో ఉన్న నేలనంతా పాలకుడు తన చేతిలోనే ఉంచుకున్నాడన్నమాట. దాని మధ్యమధ్య పాయిగా అమీర్ల గ్రామాలు ఉండేవి. షంసుల్ ఉమరా పేర శంషాబాదు, వికారుల్ ఉమరా పేర వికారాబాదు వెలిశాయి. దర్గాలకు, మసీదులకు, ఆలయాలకు, ఖాజీలకు, గ్రామసేవకులకు ఇచ్చిన ఇనాములు ఊరూరా ఉండేవి.

మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ జరిపి, దివానీ ప్రాంతంలో రైతు పేర పట్టా రాసి నేరుగా శిస్తు వసూలుచేసే పద్ధతిని వ్యాపింపజేశాడు. సర్ఫెఖాస్, జాగీరు గ్రామాలలో ఈ సంస్కరణ ఆలస్యంగా, అరకొరగా చేరింది. అక్కడి రైతుకు తన నేలపై హక్కు ఏమిటో, రేపు ఎంత ఇవ్వాలో నిలకడ లేదు. వెట్టి, నజరానాలు, అదనపు వసూళ్లు ఉండేవి. ఇనాందారు ముస్లిమయినా, దేశ్‌ముఖ్ హిందువయినా, దున్నేవాని వీపున పడిన బరువు ఒక్కటే. ఆ దున్నేవారిలో హిందువులూ ఉన్నారు, పేద ముస్లిములూ ఉన్నారు. గతకాలపు చెరువులను, తోటలను స్మరించేటప్పుడు ఈ బరువును మరచిపోవడం చరిత్రకు న్యాయం కాదు. పైన చెప్పిన హిమా నియమాన్ని కొలబద్దగా పెట్టి చూస్తే, నగరపు చుట్టూ ఉన్న భూమిని సంపన్నుల మందలకే తెరచి ఉంచిన ఏర్పాటు ఇది.

ఐతే ఒక మంచి ఉండేది. శిస్తు ఎవరికి పోయినా, ఊరికి కంచ మిగిలేది. బంచరాయి, గైరాన్, కంచ అనే పేర్లతో మేతభూములు సర్వే పుస్తకాలలో వేరుగా రాయబడ్డాయి. 1317 ఫసలీ నాటి భూమిశిస్తు చట్టం కూడా గ్రామ పశువుల మేతకు నేల విడిచిపెట్టే ఏర్పాటును గుర్తించింది. అబూ యూసుఫ్ చెప్పిన ‘పిలుపు వినిపించే దూరం’ ఇక్కడ కంచ రూపంలో కొంతవరకైనా బతికింది.

నగరపు దాహం

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని ముంచెత్తి వేలాదిమందిని బలిగొన్నది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి ఎగువన వరదను ఆపే జలాశయాలను ప్రతిపాదించారు. ఆ ప్రకారం గండిపేట వద్ద మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసాపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదనుంచి రక్షణ, తాగునీరు రెండూ నగరానికి సమకూరాయి. వాటికి నేల ఇచ్చింది పొలిమేర గ్రామాలు. పొలిమేర నేల నగరపు అవసరం కొరకు ఒక పెద్ద ప్రణాళిక కింద మారింది. ఇందులో లాభం కొందరు వ్యక్తులది కాక యావత్తు ప్రజలది కావడం దీని ప్రత్యేకత.

నగరం పెరిగేకొద్దీ చుట్టూ ఉన్న సాగు స్వభావం మారింది. జొన్న, ఆముదం పండిన చల్కలలో బావులు తవ్వి కూరగాయలు, పూలు పండించసాగారు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ హైదరాబాదులోని తన తోటలో పెంచిన ‘అనాబె షాహీ’ ద్రాక్ష తరువాతి కాలంలో ఈ జిల్లా పేరును దేశమంతటా వినిపించింది. అంబర్‌పేట దిగువన, ఉప్పల్, ఘట్కేసర్ వైపు మూసీలోని నగరపు మురుగునీటితోనే పశుగ్రాసం పెంచి, దానితో గేదెలను మేపి, పాలను తిరిగి నగరానికే పంపే జీవనం నెలకొన్నది. నగరం విడిచిన నీరు పాలై నగరానికే తిరిగివచ్చేది. నగరమూ పొలిమేరా ఒకదానిపై ఒకటి ఆధారపడి బతికిన కాలమది.

చట్టాల దశాబ్దం

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. మరుసటి ఏడాది సర్ఫెఖాస్ దివానీలో కలిసింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన వచ్చింది. 1950లో కౌలుదారీ చట్టం, 1955లో ఇనాముల రద్దు చట్టం వెలువడ్డాయి. ఏడేళ్లలో మూడు శతాబ్దాల భూవ్యవస్థ కాగితంపై తారుమారైంది.

ఈ మార్పువల్ల న్యాయం పొందినవారు ఎందరో ఉన్నారు. రక్షిత కౌలుదార్లకు హక్కు కల్పించిన 38-ఇ సెక్షను 1973 నుంచి తెలంగాణ ప్రాంతంలో అమలయింది. దున్నేవానికి భూమి అన్న సూత్రం, అఖీఖ్ లోయ విషయంలో హజ్రత్ ఉమర్ పాటించిన సూత్రానికి దూరమైనదేమీ కాదు. అయితే పొలిమేర గ్రామాలలో ఈ చట్టాలకు ఒక వింత గతి పట్టింది. దూరపు పల్లెలో కౌలుదారుకు త్వరగా తెగిన వివాదం, నగరం పక్కన ఉన్న గ్రామంలో తెగలేదు. ఎందుకంటే వివాదం సాగుతుండగానే భూమి ధర పదింతలు, నూరింతలు పెరిగింది. ఎకరం గజాలుగా విడిపోయింది. సేత్వార్‌లో ఒక పేరు, 1954–55 ఖస్రా పహాణీలో మరొక పేరు, అనుభవంలో మూడవ పేరు ఉన్న భూమిపై తరాలు గడిచినా కేసులు నడిచాయి.

మరొక మార్పు అంతగా ఎవరి కంటా పడకుండా జరిగింది. ప్రభువు పోయినపుడు కంచలు, గైరాన్‌లు, బంజర్లు ‘సర్కారీ’ అని రాయబడ్డాయి. ఊరి ఉమ్మడి అవసరానికి విడిచిన నేల, ప్రభుత్వం ఎవరికైనా ఇవ్వగల నేలగా రూపాంతరం చెందింది. రికార్డులో పదం ఒక్కటే మారింది. కాని ‘ఊరిది’ అన్నదానికీ ‘సర్కారుది’ అన్నదానికీ మధ్య ఉన్న దూరం ఎంతటిదో తరువాతి కాలం చూపించింది.

గజాల కాలం

1975లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. చట్టం నగరంలో భూమిని పరిమితం చేయగా, డబ్బు పొలిమేర దాటి పల్లెల వైపు నడిచింది. ద్రాక్షపందిళ్లు ప్లాట్లయ్యాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం, 2008లో శంషాబాదు వద్ద విమానాశ్రయం, నగరం చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ మార్పును వేగవంతం చేశాయి.

జంట జలాశయాలను కాపాడడానికి 1996 మార్చి 8న 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో నిర్మాణాలను అది కట్టడి చేసింది. ఊటకు 500 మూరల హరీమ్ పెట్టిన న్యాయశాస్త్రజ్ఞుని ఉద్దేశమే ఈ ఉత్తర్వులోనూ ఉంది: నీటికి తనదైన పరిధి ఉండాలి, ఆ పరిధిలో వ్యక్తి హక్కు ఆగాలి. కాని బరువంతా ఆ 84 గ్రామాల రైతుపైనే పడింది. పక్క ఊరిలో ఎకరం కోట్లు పలుకుతుంటే, తన పొలం నగరపు నీటికోసం పొలంగానే ఉండాలంటే, అందుకు నగరం అతనికి చెల్లించినదేమిటి? ఈ ప్రశ్నకు సమాధానం దొరకకుండానే 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వుతో ఆ ఆంక్షలు సడలాయి. నీటికీ రైతుకూ కలిపి న్యాయం చేసే మార్గం వెతకకపోవడమే ఇందలి లోపం.

చెరువుల శిఖాలను పూడ్చిన ఫలితం 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను ఇళ్లలోనికి వచ్చింది. వాన నీటికి పట్టాలు తెలియవు. అది పాత అలుగుదారినే వెతుక్కుంటుంది. ఇక కంచల మాటకు వస్తే, 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలోని సుమారు 400 ఎకరాలలో చెట్లు కొట్టివేయడాన్ని సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఆ వివాదం దేశమంతటా వినిపించినా, ఆ ఊరి పేరుకు ముందున్న ‘కంచ’ అనే మాటకు అర్థం మేతభూమి అని గుర్తుచేసుకున్నవారు కొద్దిమందే.

వక్ఫు భూములు నేర్పిన పాఠం

పొలిమేర చరిత్రలో ముస్లిం సమాజానికి ప్రత్యేకంగా సంబంధించిన భాగం వక్ఫు భూములది. హుసేన్ సాగర్ నిర్మాణానికి ఆధ్వర్యం వహించిన హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా మణికొండ సమీపంలో ఉంది. ఆ దర్గాకు సంబంధించిన భూమి ‘మష్రూతుల్ ఖిద్మత్’, అనగా సేవ షరతుతో కూడిన దానమని వక్ఫు పక్షం వాదించింది. 1989లో వెలువడిన వక్ఫు గెజిట్‌లో దర్గా పేర చూపబడినది స్వల్ప విస్తీర్ణమే. 2006లో సవరణ ప్రకటన ద్వారా 1654 ఎకరాల 32 గుంటలను చేర్చారు. అప్పటికే ఆ నేల చేతులు మారింది; పారిశ్రామిక సంస్థకు చేరింది; దానిపై మేడలు లేచాయి. ఏళ్ల తరబడి సాగిన వ్యాజ్యంలో 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ భూమి ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పింది.

ఈ తీర్పును గురించి న్యాయవాదులు భిన్నంగా వాదించవచ్చు. చరిత్ర విద్యార్థికి కనిపించేది వేరు. 1949కీ 2006కీ మధ్య 57 ఏళ్లున్నాయి. జాగీరు రద్దయిన నాడు ఏది జాగీరు, ఏది ఇనాం, ఏది వక్ఫు అన్నది తేల్చుకోవలసిన సమయంలో, ఎకరం వందల్లో ఉన్నందువల్ల ఎవరికీ పట్టలేదు. అది కోట్లు అయిన తరువాత అందరికీ పట్టింది. వాకిఫ్ షరతును కాపాడడం ముతవల్లీకి అమానతు. ముంతఖబ్ పెట్టెలో భద్రంగా ఉంటే అమానతు నెరవేరదు. ఏటేటా పహాణీలో పేరు చూసుకోవాలి, హద్దులు కొలిపించుకోవాలి, ఊరి పటంలో ఖబరస్తాన్ గీత ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలి. పోయిన పెద్ద దర్గా భూమిని గురించి బాధపడేవారు, తమ ఊరి చివర ఉన్న అరెకరం ఖబరస్తాన్ సర్వే నంబరు చెప్పగలరా అన్నదే అసలు పరీక్ష.

అత్రాఫె బల్దా చరిత్రను మొత్తంగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. సుల్తానులు, నిజాములు, ప్రభుత్వాలు, వ్యాపారులు ఎవరి కాలంలోనైనా పొలిమేర నేలను ‘ఖాళీ’ అని పిలిచినవారే దానిని పుచ్చుకున్నారు. ఖాళీ కాదని చెప్పవలసినవారు గొర్రెలకాపరులు, నీరటికాండ్లు, కౌలుదార్లు, ఫకీర్లు. వారి పిలుపు కచేరీ గుమ్మం దాకా వినిపించలేదు. ఊరి చివరి ఇంటినుంచి మనిషి గొంతు ఎంతదూరం పోతే అంతవరకూ ఆ నేల ఊరిదేనన్న న్యాయశాస్త్రజ్ఞుడు, కొలతగా గజాన్ని గాక గొంతును ఎంచుకోవడంలోని వివేకం ఇక్కడ అర్థమవుతుంది. గొంతు ఉన్నంతవరకే హద్దు నిలుస్తుంది.